మైసూరు ప్యాలెస్ ముందు నలభై ఒక్క జతలు

ఆ ఆదివారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, మైసూరు ప్యాలెస్ దక్షిణం గేటు లోపల, చెప్పులు అప్పగించే కౌంటరు ముందు ఉన్నవాళ్లు:

ఆపరేటర్లు పద్దెనిమిది మంది. వాళ్ల షిఫ్టు పని చూసే చార్జిమన్ యాదగిరి. ఆపరేటర్ల భార్యలు పద్నాలుగు మంది. పిల్లలు ఎనిమిది మంది. నేను. మొత్తం నలభై రెండు. బస్సు డ్రైవరు, క్లీనరు పార్కింగులో నిద్రపోతున్నారు కాబట్టి లెక్కలో లేరు.

ఉన్న వస్తువులు: పెద్దల టికెట్లు ముప్పై నాలుగు, పిల్లలవి ఎనిమిది. నీళ్ల డబ్బాలు ఆరు. సీలు తియ్యని ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒకటి. నా చేతిలో ఏడు పేజీల ప్రయాణ పట్టిక. చుట్టి పట్టుకున్న గుడ్డ బ్యానరు ఒకటి. దాని మీద ‘ప్రమాదం లేని 365 రోజులు’ అని ఎర్రరంగుతో రాసి ఉంది.

కౌంటరు మీదికి చేరిన చెప్పుల జతలు నలభై ఒకటి.

ఆ తక్కువైన ఒక్క జత గురించే ఇది రాస్తున్నాను. ఆ జతలోని కుడి బూటులో ఒక మనిషి కాలు ఇరవై ఒక్క రోజులుగా పాడవుతోంది. అక్కడున్న పెద్దవాళ్లలో దాదాపు అందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాడిని నేనొక్కడినే. ఆ మనుషుల భద్రత చూడటానికి జీతం తీసుకుంటున్నవాడినీ నేనే.

ఎవరి కోసం ఇది

నాకిప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు. ఈ వయసులో రిటైరయ్యానంటే నవ్వుతారు. కానీ నేను పద్నాలుగేళ్లు పనిచేసిన పటాన్‌చెరు మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ మూతపడింది. మళ్లీ ప్లాంటులో చేరే ఉద్దేశం నాకు లేదు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో పనికి వచ్చి స్థిరపడ్డాడు. నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివి, చదువు కాగానే ఇదే ఫ్యాక్టరీల బెల్టులో చేరాను. ఇప్పుడు మా అమీన్‌పూర్ కాలనీలో డిప్లొమా పూర్తి చేసిన కుర్రాళ్లు సేఫ్టీ విభాగాల్లో చేరుతూ నా దగ్గరికి వస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి, ఏ పరీక్ష రాయాలి అని అడుగుతారు. అవి వాళ్లకు ఎవరైనా చెప్పగలరు. నేను చెప్పగలిగింది నా తప్పు ఒక్కటే. అది మైసూరు ప్రయాణం.

పథకం

తొంభైల నడుమ మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ప్లాంటులో సేఫ్టీ, మెయింటెనెన్స్ ప్లానింగ్ రెండూ నావే. చిన్న ఫ్యాక్టరీల్లో ఇలాగే ఉంటుంది.

నేను చేరిన ఏడాది గాయాలు ఎక్కువగా ఉండేవి. వేళ్లు నలగడం, ఆవిరి తగలడం, మెట్ల మీద జారడం. వాటిని తగ్గించడానికి ఒక పథకం రాసి వర్క్స్ మేనేజరు సుబ్రహ్మణ్యం గారికి ఇచ్చాను. గేటు దగ్గర ఒక నల్లబోర్డు. ఒక్కో షిఫ్టు బృందం ప్రమాదం లేకుండా గడిపిన రోజుల సంఖ్య రోజూ ఉదయం ఎనిమిదికి దాని మీద మారుతుంది. బృందంలో ఎవరికైనా ఒక్కరోజు సెలవు పెట్టాల్సినంత గాయమైతే వాళ్ల సంఖ్య మళ్లీ సున్నా. మూడు వందల అరవై ఐదుకు చేరిన షిఫ్టు బృందానికి బహుమతి. ఒకే పేజీలో, పటంతో సహా రాశాను. ఆయన చదివి, “ఇంత శుభ్రంగా ఎవరూ రాసివ్వలేదయ్యా” అన్నారు. ఆ మాట నాకు చాలాకాలం తలకెక్కి ఉంది.

బహుమతి ఏమిటన్నది కార్మికులనే అడిగాం. క్యాంటీనులో సమావేశం పెడితే ఎవరో స్టీలు టిఫిను డబ్బాలన్నారు. కాస్టిక్ విభాగంలో పనిచేసే సాయిలు లేచాడు. ఆయనకు నలభై రెండేళ్లు. భానూర్ పక్క ఊరి మనిషి. భూమి కౌలుకిచ్చి ఫ్యాక్టరీలో చేరాడు.

“స్టీలు డబ్బాలు మా ఇంట్ల ఆరున్నయ్ సార్. అన్ని డబ్బాలల్ల పెట్టెటానికి కూర లేదు” అన్నాడు. అందరూ నవ్వారు. క్యాంటీను గోడకు ఒక క్యాలెండరు ఉండేది. దాని మీద దీపాలన్నీ వెలిగిన మైసూరు ప్యాలెస్ బొమ్మ. ఆయన దాన్ని చూపించి, “మాకు గీ బంగ్లా సూపియ్యిండ్రి. రాజు యాడ కూసున్నడో, యాడ పన్నడో సూసొస్తం” అన్నాడు.

“రాజు పన్నకాడ నువ్వు పంటవా?” అని వెనక నుంచి యాదగిరి.

“నాకు నైట్ షిఫ్టుంటది గదనే!”

ఆ రోజు నుంచి దానికి ‘సాయిలు టూరు’ అనే పేరు పడింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆయన చేసిన పని అర్థం కావడానికి ఇది చాలు.

పట్టిక

బోర్డు మీద సంఖ్య మూడు వందలు దాటగానే ప్రయాణం ప్లాను చెయ్యడం మొదలుపెట్టాను. అంత సంతోషంగా నేనే పనీ చెయ్యలేదు. ప్లాంటు ఆపి చేసే షట్‌డౌను పనులకు గీసినట్టే గడులు గీశాను. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు పటాన్‌చెరు చౌరస్తా నుంచి బస్సు. కర్నూలు, అనంతపురం, బెంగళూరు. శనివారం సాయంత్రానికి మైసూరు. సత్రంలో ఆరు గదులు, ఆడవాళ్లకు నాలుగు, మగవాళ్లకు రెండు. ఆదివారం పొద్దున ప్యాలెస్, మధ్యాహ్నం భోజనం, చీకటి పడ్డాక దీపాలు. దీపాలు ఆదివారమే వెలిగిస్తారు కాబట్టి మిగతా ప్రయాణమంతా ఆ గంట నుంచి వెనక్కి లెక్కేశాను.

పిల్లలకు వాంతులైతే ఏం చెయ్యాలో రాశాను. బస్సు పాడైతే ఏ ఊళ్లో మెకానిక్కు దొరుకుతాడో రాశాను. లోపల ఫోటోలు తియ్యనివ్వరు కాబట్టి బ్యానరు పట్టుకుని ఎక్కడ నిలబడి ఫోటో దిగాలో కూడా రాశాను. నాలుగో పేజీ పదకొండో అంశం: ‘ప్యాలెస్ లోపలికి చెప్పులు, బూట్లు అనుమతించరు. గేటు దగ్గర కౌంటరులో ఇచ్చి టోకెను తీసుకోవాలి.’

ఆ పట్టికను యాదగిరి షిఫ్టు మారే వేళ అందరికీ చదివి వినిపించాడు. పదకొండో అంశం దగ్గర ఆగి, సాయిలు వైపు చూశాడట. ఇది తర్వాత తెలిసింది.

నాకు తెలియని రోజులు

బోర్డు మీద మూడు వందల నలభై ఏడు ఉన్న రోజు, పొద్దున షిఫ్టులో, ట్యాంకరు నుంచి చర్మాన్ని కాల్చే కాస్టిక్ సోడా ద్రావణం దించుతుంటే గొట్టం బిగింపు జారింది. ద్రావణం సాయిలు మోకాలి మీదుగా కారి గంబూటు లోపలికి దిగింది. కాస్టిక్ మొదట పెద్దగా మండదు. సబ్బు నీళ్లలా జారుడుగా అనిపిస్తుంది, అంతే. ఆసిడ్‌కన్నా అదే ప్రమాదం. ఆయనకు షుగరు కూడా ఉంది. పాదాల్లో తిమ్మిరి ఉండేది కానీ పరీక్ష చేయించుకోలేదు.

చెయ్యాల్సింది ఒక్కటే. బూటు విప్పి, సేఫ్టీ షవరు కింద అరగంట నిలబడటం. షవరు పదడుగుల దూరంలో ఉంది. కానీ దాని గొలుసు లాగితే కంట్రోలు రూములో గంట మోగుతుంది. గంట మోగితే అక్కడున్న ఇంజనీరు టైము రాసి నాకు కబురు చెయ్యాలి. ఆ గంట నేనే పెట్టించాను.

సాయిలు షవరు దగ్గరికి పోలేదు. నేల కడిగే కుళాయి కింద రెండు నిమిషాలు కాలు పెట్టాడు. పక్కనే ఉన్న యాదగిరి, “గంట గుంజరా, కాలు పోతది” అన్నాడట.

“గుంజితే టూర్ పోతది. ఆడోళ్లు అప్పుడే కొత్త చీరెలు కొన్నరు.”

ఇద్దరూ కలిసి తీసుకున్న నిర్ణయం అంతే. సెలవు పెడితే లెక్క సున్నా అవుతుంది కాబట్టి ఆయన ఒక్కరోజూ మానలేదు. యాదగిరి ఆయనను లాగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పై అంతస్తుల్లో తిరిగి మీటర్లు చూసి లాగ్ షీట్లలో అంకెలు రాసే పని మిగతావాళ్లు పంచుకున్నారు. ఒక బృందం ఒక మనిషిని ఇలా మోయడం నేనింకెక్కడా చూడలేదు. ఆ మంచితనమే ఆయన కాలిని పాడుచేసింది.

నేను కనిపెట్టాల్సిన సంగతి ఒకటుంది. లాగ్ షీట్లు రోజూ నా బల్ల మీదికి వస్తాయి. సాయిలు అంకెలు నాకు తెలుసు. ఏడును ఒకటిలా, ఎనిమిదిని రెండు సున్నాల్లా రాస్తాడు. ఆ మూడు వారాలు ఆయన తిరగాల్సిన రౌండ్ల అంకెలు గుండ్రంగా, వేరే చేతిరాతలో ఉన్నాయి. నేను చూశాను. చూసి, రాత బాగుపడిందనుకున్నాను. విలువలు హద్దుల్లో ఉన్నాయా లేవా అన్నదే నేను చదివాను.

కౌంటరు దగ్గర

ఆదివారం పొద్దున అందరూ ఉత్సాహంగా ఉన్నారు. గేటు దాటగానే గోపురాలు కనిపించి ఆడవాళ్లు ఆగిపోయారు. “వామ్మో, గీ బంగ్లా ఊడ్వనీకె ఎంత మంది గావాలె!” అని ఎవరో అన్నారు.

చెప్పులు ఒక్కో జతా కౌంటరు మీదికి వెళ్తుంటే నేను టోకెన్లు లెక్కపెడుతున్నాను. నలభై ఒకటి దగ్గర ఆగింది. సాయిలు పక్కనున్న రాతి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కాళ్లకు కాన్వాసు బూట్లు.

“సాయిలన్నా, రండి. మీ జతే మిగిలింది.”

“మీరు పోయిరాండ్రి సార్. నేనీడ జోళ్లకు కావలుంట.”

గుడికి గుంపుగా పోతే ఒకరు బయట చెప్పుల దగ్గర ఉండటం వాళ్ల అలవాటు. అందుకే ఆ మాట వింతగా వినిపించలేదు. నాకు మాత్రం అనవసరంగా తోచింది.

“కావలి ఎందుకు? టోకెనిచ్చారుగా.”

“టోకెనిస్తేంది సార్. మన లచ్చన్న నిన్ననే కొన్నడు, కొత్త జోడు. ఎవడన్న ఏస్కపోతే?”

ఎవరూ నవ్వలేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

“సాయిలన్నా, నలభై రెండు టికెట్లు కొన్నాం. ఫోటోలో అందరూ ఉండాలి. ఈ టూరు అడిగిందే మీరు. బూట్లు విప్పండి.”

యాదగిరి నా మోచెయ్యి పట్టుకున్నాడు. “సార్, ఉండనియ్యిండ్రి. ఆయనకు మోకాలు నొస్తుంది.”

“మోకాలు నొస్తే మెల్లగా నడుస్తాం. టైముంది. పదకొండు వరకు పట్టికలో ఉంది.”

అప్పుడు సాయిలు భార్య సత్తెమ్మ ముందుకొచ్చింది. సన్నటి మనిషి. బస్సులో రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ప్రయాణపు అలసట అనుకున్నాను. ఆమె భర్త ఎదురుగా నేల మీద కూర్చుంది.

“ఇప్పు. ఇంకెన్ని దినాలు దాస్తవ్?”

“ఊకో యే, అందరు సూస్తున్నరు.”

“సూడనీ. నా ఒక్కదానికే సూపెడితే ఎట్ల?” అని నా వైపు తిరిగింది. “సార్, జెర పిల్లల్ని అవుతలికి తోల్కపొమ్మనుండ్రి.”

ఆమే లేసులు విప్పింది. లోపల ప్లాస్టిక్ సంచి, దాని లోపల పాత చీర గుడ్డ, పసుపు. గుడ్డ తీసేసరికి వాసన వచ్చింది. చివరి రెండు వేళ్లు నల్లగా ఉన్నాయి. పాదం అంచు పొడుగునా చర్మం లేదు.

నా మనసులో మొదట వచ్చిన ఆలోచనను ఇక్కడ దాచడంలో అర్థం లేదు. ‘ఫోటోలో ఒకరు తగ్గుతారు’ అనుకున్నాను. రెండో ఆలోచన, ఇది కాస్టిక్ అని. మూడోది, ఎన్ని రోజులైంది అని. నేను అడిగితే యాదగిరి తల వంచుకుని చెప్పాడు. ఇరవై ఒకటి.

వరండా

మిగతావాళ్లను లోపలికి తీసుకుపొమ్మని యాదగిరికి చెప్పి, సాయిలును, సత్తెమ్మను ఆటోలో ఎక్కించుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. దారిలో సాయిలు రెండుసార్లు అన్నాడు, “మీరు బంగ్లా సూడకపోతిరి సార్, ఊకె నా ఎంబడి” అని.

డ్యూటీలో ఉన్న లేడీ డాక్టరు కాలు చూసి, రక్తం పరీక్షకు పంపింది. ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. రెండు వేళ్లు చచ్చిపోయాయి, ఇవాళే తియ్యాలి. చీము పాదం లోపలికి పాకింది. షుగరు చాలా ఎక్కువగా ఉంది. పాదం నిలుస్తుందా, చీలమండ దాకా తియ్యాల్సి వస్తుందా అన్నది పది రోజులైతే గానీ చెప్పలేరు.

తర్వాత ఆవిడ కేసు షీటు మీద పెన్ను పెట్టి అడిగింది. ఎలా కాలింది? ఎక్కడ?

నేను తెలుగులో చెప్పేలోపే ప్రశ్న అర్థం చేసుకుని సాయిలు అన్నాడు. “ఇంట్ల. ఉడుకునీళ్లు పడ్డయి.”

ఆ పరిస్థితిలో కూడా ఆయన బోర్డును కాపాడుతున్నాడు. ఆ మాట ఆ షీటు మీదికి ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. పాదం పోతే ఆపరేటరు పనికి పనికిరాడు. ఇంట్లో జరిగిన గాయానికి ఫ్యాక్టరీ పరిహారం ఇవ్వదు. కూర్చునే పని ఇవ్వాలన్న బాధ్యతా దానికి ఉండదు. కాలు పోయినా, కాలుతో పాటు బతుకుదెరువు పోకుండా ఆపగలిగేది ఆ షీటు మీద నిజం రాసిన ఒక్క వాక్యం.

“ఇంట్ల కాదు” అంది సత్తెమ్మ. “అబద్ధమాడకు. ఇంట్ల ఉడుకునీళ్లు కాగబెట్టేది నేను.”

డాక్టరుకు నేను చెప్పాను. ఫ్యాక్టరీలో, కాస్టిక్ సోడా, ఇరవై ఒక్క రోజుల కిందట. ఆవిడ నన్ను ఒక క్షణం చూసి రాసుకుంది. నువ్వెవరివని అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాడినో తెలియదు.

ఆయనను ఆపరేషను గదిలోకి తీసుకెళ్లాక వరండా బెంచీ మీద కూర్చుని ప్రమాద నివేదిక రాశాను. దానికి చూసినవాళ్ల సంతకం కావాలి. జరిగినప్పుడు పక్కనున్నది ఒక్క యాదగిరి. ఆయన మధ్యాహ్నం ఒంటిగంటకు ఆసుపత్రికి వచ్చాడు. చదివి, కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు.

“మీరు రాసుడు సులువు సార్. మీకు డిగ్రీ ఉంది. ఇడ్సిపెడితె ఇంకో కంపిని. నేను దాసిపెట్టిన అని నా చేతులతోటే రాసిస్తె నన్ను ఉంచుతరా? ఇద్దరు ఆడపిల్లలున్నరు నాకు.”

ఆయన చెప్పింది నిజం. దాచినందుకు చార్జిమన్‌ను తీసెయ్యొచ్చు. ఆయన సంతకం చెయ్యకపోతే నా నివేదికకు బలం లేదు. పద్ధతులు, ఫారాలు, నిబంధనలు మాత్రమే నాకు తెలుసు.

సత్తెమ్మ బెంచీ అవతలి చివర కూర్చుని ఉంది. తల ఎత్తకుండా అంది.

“అన్నా, గంట గుంజుమని నువ్వన్నవట గద.”

“అన్న చెల్లె. ఇనలే.”

“అన్నవు. గదే రాయి. అన్నది రాసెటానికి భయమేంది?”

యాదగిరి నా చేతిలోని కాగితం తిరిగి తీసుకున్నాడు. తర్వాత పెన్ను అడిగాడు. తన సంతకం పైన ఒక వరుస సొంతంగా రాశాడు. ‘షవరు గంట లాగమని నేను చెప్పినాను, ఆయన వినలేదు, నేను ఊకున్నాను.’ ఆ చివరి మాట నేను రాయించలేదు.

ఫోను

ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతు నుంచి సుబ్రహ్మణ్యం గారి ఇంటికి ఫోను చేశాను. ఆయన అంతా విన్నారు. పక్కన టీవీ ఆపించిన చప్పుడు వినబడింది.

“డాక్టరుకు ఏమని చెప్పావు?”

“జరిగింది చెప్పాను సార్.”

“తొందరపడ్డావు. ఇప్పుడు ట్రిప్పులో ఉన్నారు కదా. రాయి తగిలింది, షుగరుంది, పుండైంది. అలా రాసుకుందాం. వైద్యం ఖర్చు మొత్తం కంపెనీ పెట్టుకుంటుంది, నాది పూచీ. అతనికి నష్టం లేదు. బోర్డుకూ నష్టం లేదు.”

“ఇరవై ఒక్క రోజుల పుండు ఒక్కరోజులో ఎలా అయిందని ఎవరైనా అడుగుతారు సార్.”

“ఆ బోర్డు నీ చేత్తో పెట్టావయ్యా. నువ్వే పడగొడతావా?”

దీన్ని ధైర్యం అనుకోకండి. ఆయన చెప్పినట్టు రాస్తే తేదీలు కుదరవు, అందుకే ఒప్పుకోలేదు. కుదిరి ఉంటే ఒప్పుకునేవాడినేమో, ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. “నివేదిక యాదగిరి చేతికి ఇచ్చాను సార్, రాత్రి బస్సులో వస్తుంది” అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు.

సుబ్రహ్మణ్యం గారు చెడ్డవారు కాదు. రెండు వందల మంది పేర్లు తెలిసిన మేనేజరు. ఎవరింట్లో చావైనా తానే వెళ్లేవారు. కానీ ఆ సంఖ్యను పైవాళ్లకు చూపించి చూపించి, అది మనుషులకన్నా ముందు కనిపించే స్థితికి వచ్చారు. అక్కడికి ఆయనను నేనే తీసుకెళ్లాను. మీ పైవాళ్లకు ఒక అందమైన అంకె ఇచ్చేముందు, దాన్ని నిలబెట్టడానికి కిందవాళ్లు ఏం చెయ్యాల్సి వస్తుందో ఆలోచించండి.

సత్తెమ్మ చూసింది

బృందం ఆ రాత్రే బయల్దేరింది. బ్యానరు విప్పలేదు. దీపాలు మాత్రం చూశారట. నేను సాయిలుతో ఉండిపోయాను.

మూడో రోజు సాయిలు భార్యను సతాయించడం మొదలుపెట్టాడు. “పో. దగ్గర్నే ఉన్నదంటున్నరు. ఇంత దూరమొచ్చి ఒక్కరన్న సూడకపోతే ఎట్ల?” ఆమె వినలేదు. నర్సు కూడా చెప్పాక, మధ్యాహ్నం వెళ్లింది. రెండు గంటల్లో తిరిగొచ్చి మంచం పక్కన కూర్చుంది.

“ఎట్లున్నది?”

“పెద్దగున్నది.”

“పెద్దగుంటదని నాకెర్కే. లోపల?”

“దర్వాజలు ఎండితోటి జేసినయి. తాకనియ్యరు. ఒక అర్రకు పైనంత రంగుల అద్దాలు, నెమళ్లు. ఏన్గు మీద పెట్టే బంగారి అంబారి ఉన్నది.”

“రాజు పన్న మంచం?”

“కనవడలె.”

“మరి గంతసేపు ఏం జేసినవ్?”

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. “బండ సల్లగున్నది. అందరు ఉత్త కాళ్లతోటి తిరుగుతున్నరు. వాళ్ల కాళ్లు సూస్కుంట నడిసిన. ఇంకేం సూడబుద్ధి కాలె.”

సాయిలు నవ్వబోయి ఆగిపోయాడు. “పిచ్చిదాన, కాళ్లు మనూర్ల లెవ్వా” అని గోడ వైపు తిరిగాడు.

నేను బయటికొచ్చాను. ఆ ప్యాలెస్ నేను లోపల చూడలేదు, ఇప్పటికీ.

తర్వాత

నాకు మెమో వచ్చింది. దాని సంగతి వదిలేస్తాను. యాదగిరిని పదిహేను రోజులు సస్పెండు చేశారు, తీసెయ్యలేదు. సంతకం పైన ఆయన రాసుకున్న వరుసే విచారణలో ఆయనను నిలబెట్టిందని నా నమ్మకం. ప్రమాదం ఫ్యాక్టరీలోనే జరిగిందని రికార్డుకెక్కింది. సాయిలుకు పరిహారం వచ్చింది, స్టోర్సులో కూర్చునే పని దొరికింది. ఫ్యాక్టరీ మూతపడే దాకా అక్కడే చేశాడు.

బోర్డు నేనే తీసేశాను. దాని కింది దిమ్మె ఇటుకలు పీకుతుంటే గేటు దగ్గరి వాచ్‌మన్ అడిగాడు, “మల్ల కొత్తది పెడ్తరా సార్?” లేదన్నాను. షవరు గంట మాత్రం తియ్యలేదు. అది మోగితే నేను అక్కడికి పరుగెత్తాలి, కానీ రాసుకోవడం, అడగడం మర్నాడు. మొదట ఎవరూ నమ్మలేదు. రెండు నెలలకు ఒక కుర్రాడు చేతి మీద నాలుగు చుక్కలు పడ్డాయని గొలుసు లాగి, అరగంట నీళ్ల కింద నిలబడి, వణుకుతూ నా వైపు భయంగా చూశాడు. టీ తెప్పించాను.

కొత్తగా చేరేవాళ్లకు నేను చెప్పేవి ఎక్కువ లేవు. గాయం చెప్పినవాడి వల్ల తోటివాళ్లు ఏదైనా పోగొట్టుకునే పథకం ఎప్పుడూ పెట్టకండి. అది ఎంత మంచి బహుమతైనా సరే. బహుమతి ఎంత మంచిదైతే గాయం అంత లోతుగా దాక్కుంటుంది. లాగ్ షీటులో అంకెలతో పాటు అవి ఎవరి చేతిరాతో చూడండి. ఎవరైనా ఒక పనికి రానంటే, రాకపోవడానికి చెప్పిన కారణం చిన్నదిగా కనిపిస్తే, పట్టిక మూసేసి పక్కన కూర్చుని అడగండి. నేను సాయిలును బూటు విప్పమన్నది ఆయన కాలి కోసం కాదు, టికెట్టు కోసం. దానివల్లే కాలు బయటపడింది, నిజమే. ఆ ఘనత నాది కాదు.

ఆపరేషను అయిన ఎనిమిదో రోజు మూడో వేలు కూడా తీశారు. పదో రోజు డాక్టరు కట్టు విప్పి, పాదం తియ్యనక్కర్లేదని చెప్పింది. పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది.

సాయిలు కుడి పాదానికి మిగిలిన వేళ్లు రెండు.